వంగి రావలసిన గుమ్మం

వులిందెలా,
జూన్ 30

అమ్మా థాందేకిలే, జోండీల ఆడపడుచా,

నా మోకాళ్ళ సంగతి ఈసారి అడక్కు. నిన్నటి నుంచి అవి నా మాట వినడం లేదు. రేడియోలో తీర్పు చదవడం మొదలుపెట్టినప్పుడు చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టి, పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. చదవడం అయ్యేసరికి వాకిట్లో గెంతుతున్నాను, గింజలు బొగ్గయ్యాయి. పక్కింటి మాన్గుబానె కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "ఏమైంది పెద్దాయనా, తేలు కుట్టిందా?" అంది. "కుట్టింది చట్టం. కుట్టింది నన్ను కాదు తల్లీ, మాజీ అధ్యక్షుణ్ణి!" అన్నాను. ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "హావు! అంత పెద్దమనిషినే!" అని, నాకు పిచ్చెక్కిందని నిర్ధారణ చేసుకుని ఒక గిన్నె పులిసిన పాలు పంపించింది.

ఆయన హయాంలోని అవినీతి మీద వేసిన విచారణ సంఘం ముందుకొచ్చి అడిగినవాటికి జవాబు చెప్పమని అన్నిటికన్నా పెద్ద కోర్టు ఆయనకు ఆజ్ఞ ఇచ్చిందా? ఆయన రానన్నాడు. అయితే ఇది కోర్టు ధిక్కారం, జైలుకు నడవమన్నారు. ఆదివారం లోపు తనంతట తాను రావాలి. రాకపోతే ఇంకో మూడు రోజుల్లో పోలీసులు తీసుకురావాలి. నాకు ఆయన మీద పగ లేదమ్మా. రెండుసార్లు ఓటేశాను. ఆయన పాడితే నేనూ పాడాను. కానీ నలభై ఏళ్ళు మేజిస్ట్రేటు కోర్టులో దుబాసీగా నిలబడి, "చట్టం ముందు అందరూ సమానమే" అన్న ముక్కని కోళ్ళు దొంగిలించినవాళ్ళకీ, తెల్లవాళ్ళ ఊళ్ళో తిరగడానికి చూపించాల్సిన పాసుపుస్తకం మరిచిపోయినవాళ్ళకీ మన భాషలోకి మార్చి చెప్పినవాణ్ణి. ఒక్కడు నమ్మితే ఒట్టు. చెప్పే నేనే నమ్మలేదు. నిన్న మొదటిసారి ఆ ముక్క నా నోట్లో అబద్ధంలా అనిపించలేదు.

మీ నాన్న అన్న మాట నీకు తెలుసు కదా. నీకప్పుడు రెండేళ్ళు. ఎవరివో పశువులు తెల్లదొర పొలంలో పడ్డాయని కేసు. అన్నయ్య ఉత్త సాక్షి. టోపీ తీయమన్నాడు మేజిస్ట్రేటు. అన్నయ్య తీయలేదు. "మీ కోర్టు గుమ్మం పొట్టిది. మాబోటివాళ్ళం వంగి లోపలికి వస్తాం. పెద్దవాళ్ళు గుమ్మం చూసి బయట నుంచే వెళ్ళిపోతారు. ఒక్క పెద్దవాడు వంగి రావడం నాకు చూపించండి, ఆ రోజు టోపీ తీస్తాను" అన్నాడు. కోర్టు ధిక్కారం, మూడు నెలలు. రెండో నెలలోనే, ఇలాంటి చలికాలంలోనే, జూలైలో, ఇప్పుడు నువ్వు పనిచేసే జైలు రోగుల గదిలో ఊపిరాడక పోయాడు.

ఇప్పుడు ఈయన్ని కూడా మీ విల్టన్ డ్రిఫ్ట్ జైలుకే తెస్తారని రేడియోవాడు అంటున్నాడు. నిజమేనా? నిజమైతే అన్నయ్యను ఇంటికి తెచ్చుకునే రోజు వచ్చిందన్నమాటే! పోయి ముప్ఫై అయిదేళ్ళయినా ఆయన ఆత్మ ఆ గదిలోనే కూర్చుంది పాపం.

ఫోను చేయలేదని తిట్టకు. అది పోయిన నెల చిక్కుడు గింజల్లో పడి ఉడికింది. కొత్తది కొనను. మాట గాలికి పోతుంది, రాత నిలబడుతుంది. పోస్టాఫీసు మూసేసి రెండేళ్ళయింది కనక ఈ ఉత్తరం టాక్సీ వ్యాను నడిపే సోసిబో చేతికిస్తున్నాను. వాడికి ఒక ప్లేటు గ్విన్యా బూరెలు పెట్టు. పెట్టకపోతే తర్వాతి ఉత్తరం సీటు కింద పడేస్తాడు.

గెంతుతున్న నీ బాబాయ్,
ఎంబోంగేని


జైలు క్వార్టర్లు, విల్టన్ డ్రిఫ్ట్,
జూలై 2

బాబాయ్,

సోసిబోకి బూరెలు పెట్టాను. ఆరు తిని, "మీ బాబాయ్ ఉత్తరం ఈసారి బరువుగా ఉంది, ఇంకో రెండు పెట్టు" అన్నాడు.

నిజమే. ఇక్కడికే అంటున్నారు. మూడు రోజులుగా గోడలకు సున్నం, గడ్డి కోతలు, పాత దుప్పట్ల స్థానంలో కొత్తవి. పదిహేనేళ్ళుగా కారుతున్న కుళాయి ఒక్క పూటలో బాగైంది. ఖైదీలు నవ్వుకుంటున్నారు. "అమ్మగారూ, పెళ్ళికొడుకు ఎప్పుడొస్తాడు?" అని నన్ను అడుగుతున్నారు.

ఇక అసలు సంగతి. మీరు "తెచ్చుకునే రోజు వచ్చింది" అనగానే నేను ఆగలేకపోయాను. ఆ పూటే సూపరింటెండెంట్ మ్‌తెంబు గారి గదికి వెళ్ళాను. మా నాన్న ఈ జైల్లో పోయాడని, ఆయన ఆత్మని రేగు కొమ్మ మీద ఇంటికి తీసుకెళ్ళడానికి మా పెద్దలు లోపలికి రావాలని చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "ఇప్పుడా జోండీ? దేశమంతా మన గేటు వంక చూస్తుంటే, నువ్వు కొమ్మలూ చచ్చినవాళ్ళూ అంటావేంటి?" అన్నాడు. రెండు రోజులు వెంటపడ్డాను. చివరికి ఆయన తల్లి ఫోనులో చీవాట్లు పెట్టిందట. ఆదివారం ఉదయం పదింటికి, ఇద్దరు మనుషులు, అరగంట. కాగితం నా జేబులో ఉంది. ఆ తర్వాత ఈ పెద్ద ఖైదీ వచ్చి, వెళ్ళేదాకా, బయటివాళ్ళెవరూ లోపలికి అడుగుపెట్టరు.

కాబట్టి ఆదివారం పదింటికి గేటు దగ్గర ఉండండి. నల్ల కోటు వేసుకోండి, చలి కొరుకుతోంది.

నిజం చెప్పనా? ఈ ఉద్యోగంలో చేరినప్పుడు అందరూ అడిగారు, నాన్న పోయిన చోటే ఎందుకని. ఎవరో ఒకరు ఆయన దగ్గర ఉండాలని. అంతే. పదహారేళ్ళుగా ఆ గది ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ, "నాన్నా, నేనే" అంటాను.

మీ గేటు కాపలాదారు,
థాందే


వులిందెలా,
జూలై 3

అమ్మా థాందే,

ఆదివారం రాలేను. అంటే, వస్తాను కానీ ఆదివారం కాదు. అన్నయ్య ఇంకా రాడు.

నీకు ఇది ఎలా చెప్పాలి? మా నాన్న, అంటే మీ తాతయ్య, ఒకసారి మొండి ఎద్దును వాగు దాటించడానికి మూడు రోజులు ఒడ్డున కూర్చున్నాడు. నీళ్ళు ఎక్కువున్నాయని అందరూ అనుకున్నారు. ఎద్దుకు నీళ్ళంటే భయం లేదు. అవతలి ఒడ్డున దానికి నచ్చని ఆవు ఉంది. ఆ ఆవు వెళ్ళాక తనంతట తనే దాటింది. మన ఇంటి మనుషులు ఆ ఎద్దు వంశం.

ఆయన ఇంటి ముందు జనం గుంపులు కట్టి పాటలు పాడుతున్నారని రేడియోలో చెప్పారు. పోలీసులు వస్తే తమ మీదుగా నడవాలంటున్నారు. వస్తాడో రాడో ఎవడికి తెలుసు? కాబట్టి ఆగుదాం. ఆ కాగితం మీద తేదీ మార్పించు.

సోసిబో టైరు పంక్చరైంది, సాయంత్రానికి బయల్దేరతానంటున్నాడు. పోనీలే, ఉత్తరం చేరితే చాలు.

నీ బాబాయ్,
ఎంబోంగేని


విల్టన్ డ్రిఫ్ట్,
జూలై 5

బాబాయ్ గారికి,

మీ ఉత్తరం సోమవారం పొద్దున, అంటే ఇవాళ అందింది. నిన్న పదింటి నుంచి రెండింటి దాకా గేటు బయట నిలబడ్డాను. యూనిఫాం కాదు, అమ్మ నల్ల శాలువా కప్పుకుని. మ్‌తెంబు గారు రెండుసార్లు బయటికొచ్చి గడియారం చూసుకున్నారు. మూడోసారి రాలేదు.

తేదీ మార్పించమంటారా! అది సినిమా టికెట్ కాదు బాబాయ్.

ఎద్దు కథ చదివాను. ఎవరు రావడం లేదో నాకు అర్థమైంది. రానిది నాన్న కాదు, మీరు. అమ్మ పోయేదాకా అదే అనేది. "మీ బాబాయ్ కోటు వేసుకుని తెల్లదొర పక్కన నిలబడ్డాడు. అన్న అన్న మాటని కాస్త మెత్తగా చెప్పుంటే పోయేది. 'టోపీ తీయడం మరిచాడు దొరా, క్షమించండి' అంటే సరిపోయేది. అక్షరం వదలకుండా ఇంగ్లీషులోకి మార్చి అన్నని జైలుకు పంపాడు" అని. నేను ఎప్పుడూ మీ వైపే మాట్లాడేదాన్ని. నిన్న గేటు దగ్గర నాలుగు గంటలు నిలబడ్డాక, ఆ గదిలోకి రావడానికి మీకు ముఖం చెల్లడం లేదేమో అనిపించింది.

నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

థాందేకిలే


వులిందెలా,
జూలై 6

తల్లీ,

మీ అమ్మ చెప్పింది నిజమే. సగం.

మిగతా సగం ముప్ఫై అయిదేళ్ళు నా కడుపులో ఉంది. నేను నోరు మూసుకుని ఉన్న విషయం నా జీవితం మొత్తంలో ఇదొక్కటే. అందుకే ఇది రాయడానికి ఇంత చలిలో చెమట పడుతోంది.

అన్నయ్య ఆ మాట అన్నాక కోర్టులో అంతా నా వంక చూశారు. మేజిస్ట్రేటుకు మన భాష రాదు. నేను చాకలి సబ్బు చుట్టిన పాత పేపర్లతో ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. ఏ మాటని ఎక్కడ నొక్కాలో, ఎక్కడ జారవిడవాలో నాకు తెలుసు. ఎంతమంది ముసలివాళ్ళ తిట్లని "దొరగారు చాలా దయగలవారని అంటున్నాడు" అని చెప్పి ఇంటికి పంపానో లెక్కలేదు. ఆ రోజూ అదే చేయబోయాను. "మరిచాడు దొరా" అని నోరు తెరిచాను కూడా.

అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. మెల్లగానే అన్నాడు, "ఒరేయ్ ఎంబో, దుబాసీగా నిలబడ్డావా, తమ్ముడిగా నిలబడ్డావా? ఎలా నిలబడ్డా సరే, నా మాటలో ఒక్కటి తగ్గించావంటే మన నాన్నకి ఒక్కడే కొడుకు."

అప్పుడు చెప్పాను. మొత్తం. గుమ్మం, వంగడం, పెద్దవాళ్ళు, టోపీ, ఒక్కటి వదలకుండా. అంత మంచి ఇంగ్లీషు మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. మేజిస్ట్రేటు ముఖం బీట్‌రూట్ అయింది. అన్నయ్యను తీసుకెళ్ళేటప్పుడు టోపీ నా నెత్తి మీద పెట్టి, "దాచు" అన్నాడు.

మీ అమ్మకి ఎందుకు చెప్పలేదంటావా? భర్త తనంతట తాను జైలుకు వెళ్ళాడని తెలిస్తే ఆయన మీద కోపం పెంచుకునేది. మరిది మీద కోపం పెంచుకుంటే ఎవరికీ నష్టం లేదు. మరిది ఉన్నది అందుకే.

తెల్లదొరల పాలన పోయి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది నేనూ మీ అమ్మా కొమ్మ పట్టుకుని ఆ జైలుకు వెళ్ళాం. లోపలికి రానివ్వలేదు. గేటు బయట నుంచే కొమ్మ ఊపి, పిలిచి, తెచ్చాం. ఖాళీ కొమ్మ వచ్చింది. ఎలా తెలుసంటే, ఆ తర్వాత కూడా అన్నయ్య నా కలలో మన ఇంటి కంచె బయటే కూర్చుంటాడు. నెత్తి మీద టోపీ. రా లోపలికి అంటే, "వంగాడా ఎవడైనా?" అంటాడు. లేదంటే మొహం తిప్పుకుంటాడు. అందుకే ఆదివారం రాలేదమ్మా. ఆయన ఇంకా వంగలేదు. మళ్ళీ ఖాళీ కొమ్మ తెచ్చే ఓపిక నాకు లేదు. డెబ్బై ఆరేళ్ళు.

ఇదంతా మూడో తారీఖు ఉత్తరంలోనే రాసుండాల్సింది. ఎద్దు గురించి రాశాను. నన్ను క్షమించు.

రేపటితో గడువు అయిపోతుంది. రేడియో పక్కన కూర్చున్నాను. గింజలు పొయ్యి మీద పెట్టలేదు.

మీ నాన్న తమ్ముడు,
ఎంబోంగేని


విల్టన్ డ్రిఫ్ట్,
జూలై 8

బాబాయ్! బాబాయ్! బాబాయ్!

వంగాడు!

ముందు అది రాయాలి. తర్వాత క్షమాపణ.

లోపల చూసింది బయట చెప్పకూడదని మాకు రూలు. గేటు సంగతి లోపలిది కాదు కదా, అందుకని రాస్తున్నాను. మీరు చూశారుగా, మా పెద్ద ఇనప గేటులో ఒక చిన్న తలుపు ఉంటుంది. మనుషులందరూ దాంట్లోంచే. ఖైదీలు, మేము, మ్‌తెంబు గారు, పోయిన ఏడాది మంత్రిగారు కూడా. నేనే మంత్రిగారి తలకి తలుపు తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాను. పెద్ద గేటు తెరిచేది సరుకుల లారీకి మాత్రమే.

నిన్న కార్లు వస్తున్నాయని కబురు వచ్చింది. పైనుంచి ఎవరెవరో వచ్చారు. ఒకాయన, "పెద్ద గేటు తెరవండి, అంత వయసు మనిషి చిన్న తలుపులోంచి దూరితే బాగోదు" అన్నాడు. మ్‌తెంబు గారు నా వంక చూశారు. తాళాలు నా నడుముకున్నాయి. మధ్యాహ్నమే మీ ఉత్తరం వచ్చింది బాబాయ్. యూనిఫాం జేబులో ఉంది. నాన్న మీ చెయ్యి పట్టుకున్న చోట మడత పెట్టి ఉంది.

నేనన్నాను, "సార్, రూలు ప్రకారం లారీలకే పెద్ద గేటు. ఆయన లారీ కాదు కదా?"

ఎవరో నవ్వారు. ఎవరో దగ్గారు. మ్‌తెంబు గారు మాత్రం టోపీ సర్దుకుని, "జోండీ చెప్పింది రైటు. చిన్న తలుపు తీయండి" అన్నారు.

తీశాను. "తల జాగ్రత్త తండ్రీ" అన్నాను. మా పెద్దలకి చెప్పినట్టే చెప్పాను, ఎగతాళి కాదు. ఒక్క క్షణం ఆగి, ఆ తలుపు ఎత్తు చూసుకుని, వంగి, లోపలికి వచ్చాడు. అంతే బాబాయ్. మీరూ నేనూ సోసిబో అందరం వంగినట్టే. తాళం వేశాను. తర్వాత వంటగదిలోకి వెళ్ళి ఏడ్చాను.

సోమవారం రాసిన ఉత్తరం పొయ్యిలో పడేయండి. అమ్మకి కూడా చెప్పాను నిన్న, ఫొటో ముందు. ఆవిడ ఏమంటుందో మీకు కలలో చెప్తుందిలెండి. చీవాట్లే అయ్యుంటాయి.

కానీ ఇప్పుడేం చేద్దాం? వంగాక రావాలంటారు మీరు. వంగాక ఎవర్నీ రానివ్వనంటారు మ్‌తెంబు గారు. నాన్న ఇప్పుడు తయారుగా ఉన్నాడు, మీరే లోపలికి రాలేరు.

నాన్న కూతురు,
థాందే


వులిందెలా,
జూలై 17

అమ్మా థాందే,

నీ ఉత్తరం తొమ్మిది రోజులు దారిలో ఉంది. ఆయన్ని జైల్లో పెట్టాక లేచిన అల్లర్లలో పెద్ద రోడ్డు మీద లారీలు తగలబడ్డాయి, టాక్సీలు ఆగిపోయాయి, సోసిబో ఎక్కడో చెల్లెలింట్లో ఇరుక్కున్నాడు. ఊరి దుకాణాలు దోచేశారు. మన మలుపులో రొట్టెల కొట్టు బూడిదైంది. ఆ కొట్టువాడు మన పిల్లల్లో ఎవడి ఆకలి చూసినా ఊరుకోని మనిషి. అది చూసి నా గెంతులు ఆగిపోయాయి, దాచను. మూడు రోజులు మాన్గుబానెకి నా మొక్కజొన్న పిండి, నాకు ఆవిడ పాలు. ఇలా గడిచింది. ఇది కూడా ఆయన కోసమేనని కొందరన్నారు. నా ఇంటి ముందుకొచ్చిన ఒకడు టీవీ పెట్టె మోసుకుంటూ, "మా నాయకుణ్ణి విడిపిస్తున్నాం తాతా" అన్నాడు. "ఆ పెట్టెలో ఉన్నాడా నాయనా?" అని అడిగాను. సిగ్గుపడి దించేసి వెళ్ళాడు. ఆ పెట్టె ఇంకా నా కంచె దగ్గరే ఉంది. ఎవరిదో కనుక్కోవాలి.

ఇవాళ రోడ్డు తెరిచారు, నీ ఉత్తరం వచ్చింది. "వంగాడు" దగ్గరే పదిసార్లు ఆగాను. తర్వాత గోడ మేకు మీదున్న అన్నయ్య టోపీ దులిపాను. అన్నేళ్ళ దుమ్ము, గిన్నికోడి ఈక మాత్రం చెక్కు చెదరలేదు.

ఇప్పుడు విను. నన్ను లోపలికి రానివ్వరు. నువ్వు రోజూ లోపలే ఉన్నావు. జోండీల రక్తం, ఆయన కూతురు. ఆడపిల్ల కొమ్మ పట్టకూడదని మన పెద్దలు అనేవాళ్ళు. పోయిన ఆ పెద్దలందర్నీ ఇందాకే పిలిచి, ధూపం వేసి అడిగాను. ఎవరూ కాదనలేదు. అభ్యంతరం ఉన్నవాడు చెప్పుకోవడానికి నేను చాలాసేపు ఆగాను కూడా, కోర్టులో ఆగినట్టు.

సోసిబో చేతికి రేగు కొమ్మ ఇస్తున్నాను. దాని ముళ్ళు చూశావా, ఒకటి ముందుకు చూస్తుంది, పక్కదే వెనక్కి వంగి ఉంటుంది. ఆ గదిలో నేలకి తాకించి, "నాన్నా, పెద్దవాడు వంగి వచ్చాడు, పద ఇంటికి" అను. అక్కణ్ణించి గేటు దాకా ఎవరితోనూ మాట్లాడకు. ఎవరు పిలిచినా పలక్కు. నాన్నతో మాత్రమే మాట్లాడు. "ఇదిగో మెట్టు, ఇదిగో వరండా" అని చెప్తూ నడు, లేకపోతే దారి తప్పుతాడు. వచ్చే శనివారం పదింటికి గేటు బయట నేనుంటాను. ఈసారి నిజంగా ఉంటాను.

టోపీ దులిపిన నీ బాబాయ్,
ఎంబోంగేని


విల్టన్ డ్రిఫ్ట్,
జూలై 24, శనివారం మధ్యాహ్నం

బాబాయ్,

మీరు కొమ్మ తీసుకుని వెళ్ళి గంటయింది. గేటు దగ్గర మీతో మాట్లాడలేకపోయాను, కొమ్మ పట్టుకున్నాక మీరు నాతో మాట్లాడకూడదు. అందుకే రాస్తున్నాను. సోసిబో తమ్ముడి టాక్సీ మీ వెనకే బయల్దేరుతోంది.

లోపల ఏం జరిగిందో తెలుసా? గదిలో మీరు చెప్పినట్టే చెప్పాను. కొమ్మ బరువెక్కింది. మీరు నమ్ముతారు, ఇంకెవరికీ చెప్పను. వరండాలోకి వచ్చేసరికి ఎదురుగా మ్‌తెంబు గారూ, రాజధాని నుంచి తనిఖీకొచ్చిన పెద్ద అధికారీ. "ఆఫీసర్, చేతిలో ఏంటది?" అన్నాడు ఆ అధికారి. నేను, "నాన్నా, ఇదిగో వరండా" అన్నాను. "నిన్నే అడుగుతున్నాను!" అన్నాడు. "నాన్నా, ఇక్కడ ఒక పెద్దమనిషి అడ్డంగా ఉన్నాడు, కుడివైపు నుంచి వెళ్దాం" అన్నాను. మ్‌తెంబు గారు గోడ వైపు తిరిగి భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నారు. నేను ఆగలేదు. చిన్న తలుపు దగ్గర, "నాన్నా, వంగు" అన్నాను. ఇద్దరం వంగాం.

తిరిగి వచ్చేసరికి నా బల్ల మీద మెమో. "పై అధికారి ప్రశ్నకు జవాబివ్వకుండా ధిక్కరించినందుకు సంజాయిషీ చెప్పవలెను." ధిక్కారం బాబాయ్! మన ఇంటి నేరమే! చట్రం కట్టించి గోడకి తగిలించుకుంటాను.

సంజాయిషీ మాత్రం మీరే రాసిపెట్టండి. మెత్తగా వద్దు. ఒక్క మాట తగ్గించొద్దు.

రెండో ధిక్కారి,
థాందే


వులిందెలా,
జూలై 25

అమ్మా, అన్నయ్య కూతురా,

ఇంటికొచ్చాడు.

దారి సంగతి చెప్పకపోతే నా గుండె పగులుతుంది. సోసిబో బండిలో నాకొక సీటు, పక్కన అన్నయ్యకొక సీటు తీసుకున్నాను. ఆచారం తెలిసినవాళ్ళు కొమ్మ చూసి తలలు వంచి సర్దుకున్నారు. బండి కదలగానే మొదలైంది. పదమూడు మంది, పదమూడు తీర్పులు. ముందు సీటు కళ్ళజోడాయన, "అసలు విచారణే లేకుండా లోపలేశారు" అన్నాడు. వెనక నుంచి ఒకావిడ, "విచారణకి రమ్మంటే రానన్నందుకే కదా వేశారు, చెవుల్లో ఫుతు సంకటి పెట్టుకున్నావా?" అంది. ఇంకొకడు, "ధిక్కారానికి జైలుశిక్ష ఉండదు, జరిమానాయే" అన్నాడు.

జరిమానాయేనట! నలభై ఏళ్ళు ఆ సెక్షన్లు తర్జుమా చేసినవాణ్ణి, నా సొంత అన్న ఆ శిక్ష కింద పోయినవాణ్ణి, పక్కనే కూర్చున్నాను, నోరెత్తకూడదు! థాందే, పొయ్యి మీద మూత బిగించిన కుండలా అయిపోయాను. మూయి నది వంతెన దాకా ఓర్చుకున్నాను. అక్కడ అన్నయ్యకి దారి చెప్పాలి కదా. "అన్నా, ఇదిగో మూయి నది" అన్నాను. నా గొంతు విన్నాక ఇక ఆగలేదు.

"అన్నా, ముందు సీటు కళ్ళజోడాయన పొరబడుతున్నాడు. పిలిచినప్పుడు రాకపోవడమే నేరమైతే, రాలేదనడానికి వేరే సాక్షి ఎందుకు? ఖాళీ కుర్చీయే సాక్షి. అన్నా, వెనకావిడ చెప్పింది సబబు, చెప్పిన తీరు మాత్రం కాస్త ఘాటు. అన్నా, జరిమానా అన్న కుర్రాడికి నీ సంగతి తెలియదు. నువ్వే చెప్పు, నీకు జరిమానా వేశారా?"

 కళ్ళజోడాయన వెనక్కి తిరిగి, నన్ను కాదు, ఖాళీ సీటుని చూసి, మెల్లగా అడిగాడు, "నొండాబా, మీదేం కేసు?" జోండీలని మర్యాదగా పిలిచే వంశం పేరు అది, సోసిబో చెప్పి ఉంటాడు. నేను జవాబు చెప్పకూడదు. అందుకని, "అన్నా, నీ కేసు అడుగుతున్నారు, నేను గుర్తుచేస్తాను విను" అని మొదలుపెట్టాను. మేకలు పడ్డ పొలం దగ్గర నుంచి, కాదు, పశువులు. గుమ్మం, టోపీ, నా చెయ్యి పట్టుకోవడం, జైలు గేటు దగ్గర నువ్వు "ఆయన లారీ కాదు కదా" అనడం, అన్నీ. హోవిక్ దాటేసరికి వెనకావిడ ఏడుస్తోంది. జరిమానా కుర్రాడు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో దిగాల్సిన ముగ్గురు దిగలేదు, మా కొండ దాకా వచ్చారు. సోసిబో వద్దన్నా హారన్ కొడుతూ వాకిట్లోకి తెచ్చాడు.

మీ నాయనమ్మ గుండ్రటి గుడిసె నీకు తెలుసుగా. దాని గుమ్మం నా నడుము దాకా ఉంటుంది. రాజు వచ్చినా వంగాలనే అలా కట్టారు మన పూర్వులు. కోర్టులో ఆ మాట అన్నప్పుడు మీ నాన్న మనసులో ఉన్నది ఈ గుమ్మమే. నేను అన్నయ్య టోపీ పెట్టుకుని, రెండు చేతుల్తో కొమ్మ పట్టుకుని, "అన్నా, ఇదిగో మన గుమ్మం" అన్నాను. ఊరంతా చూస్తోంది. దేశం మొత్తానికి వంగడం గురించి పాఠం చెప్పి వచ్చినవాణ్ణి కదా, ఆ గర్వంలో నేను వంగడం మరిచాను.

ఠంగుమని తగిలింది. నక్షత్రాలు కనిపించాయి. నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి, ఇప్పుడు రాస్తుంటే సలుపుతోంది. నేను వెనక్కి పడ్డాను. టోపీ మాత్రం ముందుకి, గుమ్మంలోంచి లోపలికి దొర్లి, పెద్దలు కూర్చునే వెనక గోడ దగ్గర ఆగింది. ఈక పైకి.

 మాన్గుబానె ముందు చూసింది. "తీశాడు!" అంది. "పెద్దాయనా, మీ అన్న టోపీ తీశాడు!"

ఆడవాళ్ళు నాలుక తిప్పి వేసిన కేకలకి అవతలి కొండ మీద కుక్కలు మొరిగాయి.

నేను మోకాళ్ళ మీద లోపలికి వెళ్ళి, కొమ్మని టోపీ పక్కన పడుకోబెట్టాను.  

నీ సంజాయిషీ ఇందులో పెట్టాను. ఒకే వాక్యం: "ఆ సమయంలో నేను మా నాన్నతో మాట్లాడుతున్నాను." సంతకం పెట్టి ఇచ్చెయ్.

బొప్పి కట్టిన నీ బాబాయ్,
ఎంబోంగేని జోండీ,
విశ్రాంత దుబాసీ